గుండె తలుపుకు చెద పడితే

వానాకాలం. అశ్వారావుపేట పక్కన, అడవి అంచున ఒక పల్లె. ఒక ఇంట్లో అత్త పొద్దున్నే తలుపు తీయబోయింది. తలుపు కింది భాగం పొడిపొడిగా రాలింది. చెద పట్టింది.

వడ్రంగిని పిలిచారు. అతను వేలి కణుపుతో తలుపంతా కొట్టి చూశాడు. ఒకచోట గట్టిగా మోగింది. ఒకచోట డొల్లగా మోగింది.

"కింద బెత్తెడే తిన్నదమ్మా. తిన్నంత మేర కోసేస్తా. కొత్త ముక్క అతికిస్తా. పాత టేకు గదా, ఇంకా చాలా ఏళ్ళు ఉంటది" అన్నాడు.

"అంతా తిని ఉంటే?" అని అడిగింది అత్త.

"అప్పుడు అతుకు నిలవదు. కొత్త తలుపే పెట్టాలె. దర్వాజాకు కూడా పట్టిందా, పని ఇంకా పెద్దది."

వడ్రంగి చెప్పింది ఇంటి తలుపు సంగతి. కాని మన గుండెలో కూడా తలుపులున్నాయి. వాటికి కూడా చెదలాంటి జబ్బు వస్తుంది. అప్పుడు గుండె డాక్టరు ముందు కూడా ఇదే ప్రశ్న ఉంటుంది. బాగుచేయాలా? మార్చాలా?

గుండెలో నాలుగు తలుపులు

గుండె మన పిడికిలంత ఉంటుంది. నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. రోజుకు లక్ష సార్లు. గుండె ఒక పంపు. రక్తాన్ని ఒళ్ళంతా తోడిపోస్తుంది.

గుండెలో నాలుగు గదులున్నాయి. నాలుగు తలుపులున్నాయి. ఈ తలుపులను డాక్టర్లు వాల్వులు అంటారు. పుస్తకాల్లో కవాటాలు అని రాస్తారు. ఇవి చెక్కవి కావు. పల్చని, గట్టి పొరలు. ఒక తలుపుకు రెండు రెక్కలు. మిగతా మూడింటికి మూడేసి రెక్కలు.

ఈ తలుపులు ఒకవైపే తెరుచుకుంటాయి. రక్తం ముందుకు పోగానే మూసుకుంటాయి. రక్తాన్ని వెనక్కి రానివ్వవు. చేతిపంపు లోపల తోలు వాషరు ఉంటుంది గదా. అది అరిగిపోతే ఎంత కొట్టినా నీళ్ళు పైకి రావు. గుండె తలుపు సరిగా మూసుకోకపోయినా అంతే. గుండె కష్టపడుతుంది. రక్తం ముందుకు పోదు. వెనక్కి కారుతుంది. మనిషికి ఆయాసం వస్తుంది.

తలుపు ఎలా చెడుతుంది?

తడి తగిలి, పగిలి ఉన్న చెక్కకు చెద తొందరగా పడుతుంది. గుండె తలుపు కూడా అంతే. ముందే దెబ్బతిన్న తలుపును క్రిములు పట్టుకుంటాయి.

మన దేశంలో తలుపు దెబ్బతినడానికి పెద్ద కారణం ఒకటుంది. అది చిన్నప్పటి గొంతునొప్పి. పిల్లలకు గొంతు వాస్తుంది. జ్వరం వస్తుంది. కొందరికి రెండు మూడు వారాల తర్వాత కీళ్ళు వాస్తాయి. ఈ రోజు మోకాలు, రేపు మోచెయ్యి. దీన్ని కీళ్ళవాపు జ్వరం అంటారు. కీళ్ళ వాపు తగ్గిపోతుంది. కాని జబ్బు గుండె తలుపుల మీద మచ్చ పెట్టి పోతుంది. ఆ మచ్చ ఏళ్ళ తరబడి పెరుగుతుంది. తలుపు మందమవుతుంది. బిరుసెక్కుతుంది. ఆడవాళ్ళలో చాలామందికి కాన్పు సమయంలోనే ఈ సంగతి మొదటిసారి బయటపడుతుంది.

ఇలా దెబ్బతిన్న తలుపు మీదకు క్రిములు ఎక్కడినుంచి వస్తాయి? రక్తంలోంచి వస్తాయి. పుచ్చిన పంటినుంచి, చిగుళ్ళ చీమునుంచి రావచ్చు. ఒంటిమీద మానని పుండునుంచి రావచ్చు. శుభ్రంలేని సూదినుంచి కూడా రావచ్చు. క్రిములు తలుపు మీద గూడు కడతాయి. చెద మట్టిగూడు కట్టినట్టే. లోపల తలుపును తింటూ ఉంటాయి. చిల్లు పెడతాయి. తలుపును పట్టి ఉంచే దారాలను తెంపుతాయి.

ఆ గూడులో ముక్క విరిగితే ఇంకో ప్రమాదం. ముక్క రక్తంతో కొట్టుకుపోతుంది. మెదడులో అడ్డం పడితే కాలూ చెయ్యీ పడిపోతాయి.

తగ్గని జ్వరం

ఆ ఇంటి కోడలికే ఈ జబ్బు వచ్చిందనుకుందాం. వయసు 26. ఒక పాప. పామాయిల్ తోటలో రాలిన గింజలు ఏరే పనికి పోతుంది. చిన్నప్పుడు కీళ్ళు వాచిన సంగతి ఆమె తల్లికే గుర్తు.

ఆమెకు జ్వరం వచ్చింది. రాత్రిళ్ళు చెమటలు. ఆకలి లేదు. అడవి దగ్గరి ఊరు. మలేరియా అనుకున్నారు. తర్వాత టైఫాయిడ్ అనుకున్నారు. ఊళ్ళో సూదులు వేయించారు. సూది వేసిన రోజు తగ్గుతుంది. నాలుగు రోజులకు మళ్ళీ వస్తుంది. ఇలా మూడు వారాలు గడిచాయి. తర్వాత బిందె ఎత్తితే ఆయాసం వచ్చింది. పడుకుంటే ఊపిరి ఆడలేదు. పాదాలు వాచాయి.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. జ్వరం వారం దాటితే పెద్దాసుపత్రికి పోవాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళయితే ఇంకా ముందే పోవాలి. ఏ క్రిమి పట్టిందో తెలియాలంటే రక్తం తీసి పెంచి చూడాలి. దీన్ని బ్లడ్ కల్చర్ అంటారు. క్రిమిని చంపే మందు మొదలుపెట్టక ముందే ఈ రక్తం తీయాలి. ముందే అరకొర మందు వేస్తే క్రిమి చావదు, దొరకదు. దొంగ ఇంట్లోనే ఉంటాడు, దీపం మాత్రం ఆరిపోతుంది.

రెండో పరీక్ష ఎకో. కాన్పుకు ముందు కడుపు మీద పెట్టి చూసే స్కానింగు లాంటిదే. దీన్ని గుండె మీద పెట్టి చూస్తారు. తలుపు ఊగడం తెరమీద కనబడుతుంది. గూడు ఎంత ఉందో, రక్తం ఎంత వెనక్కి కారుతున్నదో తెలుస్తుంది.

ముందు మందు

ఈ జబ్బుకు మొదటి వైద్యం మందే. క్రిమిని చంపే మందును నరంలోకి ఎక్కిస్తారు. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు ఎక్కించాలి.

వారానికే జ్వరం తగ్గవచ్చు. అప్పుడే ఇబ్బంది వస్తుంది. "జ్వరం తగ్గింది గదా, ఇంక ఇక్కడెందుకు? ఇంటికాడ పాప ఉంది, పని ఉంది" అని ఇంటికి వచ్చేస్తారు. జ్వరం తగ్గినంత మాత్రాన క్రిములు చచ్చినట్టు కాదు. గూడు లోపల ఇంకా బతికి ఉంటాయి. మళ్ళీ పెరుగుతాయి. ఈసారి మందుకు లొంగవు. డాక్టరు చెప్పిన చివరి రోజుదాకా మందు పడాలి.

పెన్సిలిన్ రాకముందు ఈ జబ్బు వచ్చినవాళ్ళు దాదాపు బతికేవారు కారు. పెన్సిలిన్‌ను 1928లో కనుగొన్నారు. అది రోగులకు అందింది 1940ల్లో. అప్పటినుంచే ఈ జబ్బు నుంచి మనుషులు బయటపడుతున్నారు. ఇప్పటికీ ఇది చిన్న జబ్బు కాదు. ఆసుపత్రిలో చేరినవాళ్ళలో సుమారు ఐదుగురిలో ఒకరు చనిపోతున్నారు. సుమారు సగంమందికి ఆపరేషను అవసరమవుతున్నది.

ఆపరేషను ఎప్పుడు?

మూడు సందర్భాల్లో డాక్టర్లు ఆపరేషను చేయాలంటారు.

ఒకటి: తలుపు బాగా చెడి, రక్తం వెనక్కి కారుతూ, ఆయాసం తగ్గనప్పుడు.

రెండు: మందు పడుతున్నా క్రిములు చావనప్పుడు. చీము తలుపు దాటి చుట్టూ ఉన్న దర్వాజాకు పాకినప్పుడు.

మూడు: గూడు శనగగింజకంటే పెద్దదై, విరిగి మెదడుకు పోయే ప్రమాదం ఉన్నప్పుడు.

ఇలాంటప్పుడు మందుల వారాలన్నీ పూర్తయ్యేదాకా ఆగరు. ముందు ఆపరేషను చేస్తారు. మిగిలిన మందు తర్వాత ఎక్కిస్తారు. వాయిదా వేస్తే చేయిదాటిపోవచ్చు.

ఆపరేషను చేసేటప్పుడు గుండెను కాసేపు ఆపుతారు. ఆ సమయంలో రక్తాన్ని ఒక యంత్రం శుభ్రంచేసి ఒళ్ళంతా తిప్పుతుంది. చెడిన భాగాన్ని డాక్టరు పూర్తిగా కోసి తీసేస్తాడు. ఇదే మొదటి పని. చెద మిగిలిన చెక్కమీద కొత్త ముక్క అతికించి లాభం లేదు. కోసి తీశాక ఎంత మిగిలింది అన్నదాన్నిబట్టే తర్వాతి పని.

బాగుచేయడం

మంచి భాగం సరిపడా మిగిలిందనుకుందాం. అప్పుడు ఆమె సొంత తలుపునే బాగుచేస్తారు.

చిల్లు ఉంటే అతుకు వేస్తారు. అతుకుకు గుడ్డ ఎక్కడిది? గుండె చుట్టూ సంచిలాంటి పల్చని పొర ఉంటుంది. అందులోంచి చిన్న ముక్క కత్తిరిస్తారు. రవికెకు చిరుగు పడితే అదే చీరలోని ముక్కతో అతుకు వేసినట్టు. తెగిన దారాల బదులు కొత్త దారాలు కుడతారు. తలుపు చుట్టూ వదులైతే ఉంగరంలాంటి పట్టీ బిగిస్తారు. ఫ్రాన్సు దేశంలో అలెన్ కార్పెంటియర్ అనే డాక్టరు 1960ల చివరినుంచి ఈ పద్ధతులను పెంచి, ఇతర డాక్టర్లకు నేర్పాడు.

బాగుచేయడంలో మేలు ఏమిటి? తలుపు ఆమెదే. బయటి వస్తువు చాలా తక్కువ. కాబట్టి మళ్ళీ క్రిములు పట్టే భయం తక్కువ. రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు మింగవలసిన పని సాధారణంగా ఉండదు. కొన్ని నెలలు వాడితే చాలు. పిల్లలు కావాలనుకునే ఆడవాళ్ళకు ఇది పెద్ద మేలు.

మరి కష్టం ఏమిటి? అన్ని తలుపులూ బాగుపడవు. రెండు రెక్కల తలుపును బాగుచేయడం కొంత తేలిక. గుండెనుంచి పెద్ద రక్తనాళంలోకి తెరుచుకునే తలుపును బాగుచేయడం కష్టం. కీళ్ళవాపు జ్వరంవల్ల ముందే బిరుసెక్కిన తలుపు అయితే ఇంకా కష్టం. ఈ పనిలో చెయ్యి తిరిగిన డాక్టరు కావాలి. కొందరికి కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ కారవచ్చు. మళ్ళీ ఆపరేషను అవసరం కావచ్చు.

మార్చడం

తలుపంతా తినేసిందనుకుందాం. అప్పుడు అతుకు నిలవదు. కొత్తది పెట్టాలి.

1960లో అమెరికాలో ఆల్బర్ట్ స్టార్ అనే డాక్టరు, లోవెల్ ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు కలిసి ఒక తలుపు చేశారు. చిన్న పంజరం. అందులో ఒక బంతి. బంతి పైకి పోతే దారి తెరుచుకుంటుంది. కిందికి వస్తే మూసుకుంటుంది. దాన్ని 52 ఏళ్ళ మనిషికి పెట్టారు. ఆయన సుమారు పదేళ్ళు బతికాడు. చివరికి నిచ్చెనమీంచి పడి చనిపోయాడు. అప్పటికీ తలుపు పనిచేస్తూనే ఉంది. 1965లో అమెరికాలోనే ఇంకో అడుగు వేశారు. క్రిములు పట్టిన తలుపును తీసేసి, కొత్తది పెట్టి మనిషిని బతికించారు.

ఈనాడు రెండు రకాల తలుపులు దొరుకుతున్నాయి.

మొదటిది లోహపు తలుపు. చాలా ఏళ్ళు ఉంటుంది. ఇరవై, ముప్పై ఏళ్ళు కూడా పనిచేస్తుంది. కాని దానిమీద రక్తం గడ్డకట్టే గుణం ఉంది. గడ్డ కడితే తలుపు బిగుసుకుపోతుంది. అందుకే రక్తాన్ని పల్చగా ఉంచే మందును బతికినంత కాలం రోజూ మింగాలి.

రెండోది పొర తలుపు. పశువుల గుండె చుట్టూ ఉండే పొరతోగాని, పంది గుండె తలుపుతోగాని దీన్ని చేస్తారు. దీనికి రక్తాన్ని పల్చగా ఉంచే మందు సాధారణంగా కొన్ని నెలలే చాలు. కాని ఇది అరిగిపోతుంది. మామూలుగా 10 నుంచి 15 ఏళ్ళు ఉంటుంది. వయసులో ఉన్నవాళ్ళలో ఇంకా తొందరగా అరుగుతుంది. అప్పుడు మళ్ళీ మార్చాలి. పశువు పొర, పంది తలుపు అంటే కొందరికి అభ్యంతరం ఉంటుంది. ఆ మాట సిగ్గుపడకుండా ముందే డాక్టరుకు చెప్పాలి.

మన దేశం చేసుకున్న తలుపు

పూర్వం లోహపు తలుపులన్నీ విదేశాలనుంచి రావాలి. ఖరీదు చాలా ఎక్కువ. పేదలకు అందేవి కావు. కేరళలోని తిరువనంతపురంలో శ్రీ చిత్ర తిరునాళ్ అనే ప్రభుత్వ వైద్య సంస్థ ఉంది. అక్కడ డాక్టర్ వలియత్తాన్, ఆయనతో పనిచేసిన ఇంజనీర్లు మన దేశంలోనే తలుపు చేయాలని పూనుకున్నారు. మొదటి మూడు నమూనాలు పనికిరాలేదు. వాళ్ళు వదల్లేదు. నాలుగోది నిలిచింది. 1990 డిసెంబరు 6న దాన్ని మొదటిసారి రోగికి పెట్టారు. దానిపేరు చిత్ర వాల్వు. వంటింట్లో వాడే ప్రెస్టీజ్ కుక్కరు ఏ కంపెనీల కుటుంబంలో తయారవుతుందో, అదే టి.టి.కె. కుటుంబం దీన్నీ తయారుచేస్తున్నది. విదేశీ తలుపుకంటే ఇది చవక. ఇప్పటికి లక్షమందికి పైగా ఈ తలుపు పెట్టారు.

పక్కపక్క మంచాలు

కోడలికి హైదరాబాదులో ఆపరేషను జరిగిందనుకుందాం. ఆమెకు రెండు రెక్కల తలుపులో చిల్లు పడింది. ఒక దారం తెగింది. మిగతా తలుపు గట్టిగానే ఉంది. అతుకు వేశారు. దారం కుట్టారు. ఆమె సొంత తలుపు ఆమెకు మిగిలింది.

పక్క మంచం మీద నలభై ఏళ్ళ అక్క ఉంది. ఆమె తలుపు మొత్తం పాడైంది. దర్వాజాకు కూడా చీము పాకింది. డాక్టర్లు శుభ్రంచేసి లోహపు తలుపు పెట్టారు. రాత్రి వార్డు సద్దుమణిగాక ఆమె గుండెలోంచి గడియారంలాగా టిక్ టిక్ అని సన్నగా వినబడుతుంది.

"నీది మంచి ఆపరేషను. నాది చెడ్డది" అంది ఆ అక్క దిగులుగా.

అది నిజం కాదు. బాగుచేసినవాళ్ళు బాగా కోలుకుంటున్నారని డాక్టర్ల లెక్కల్లో కనబడుతుంది. అయితే ఒక సంగతి చూడాలి. తక్కువ పాడైన తలుపులనే గదా బాగుచేస్తారు! ఎక్కువ పాడైనవాళ్ళకే మార్చడం వస్తుంది. కాబట్టి ఆ తేడా అంతా ఆపరేషనుదే అనకూడదు. ఆ అక్కకు బాగుచేద్దామని చీమును వదిలేసి ఉంటే ఆమె బతికేది కాదు. నిలబడే అతుకే మంచిది. నిలబడని అతుకుకంటే కొత్త తలుపే మంచిది.

అందుకే గుండె తెరిచి చూడకముందు డాక్టరు ఒట్టుపెట్టి చెప్పలేడు. "వీలైతే బాగుచేస్తాం. వీలుకాకపోతే మారుస్తాం" అంటాడు. రెంటికీ ఒప్పుకున్నట్టు ముందే సంతకం తీసుకుంటాడు. సంతకం పెట్టేముందే ఇంకో మాట తేల్చుకోవాలి. మార్చవలసి వస్తే లోహపుదా, పొరదా? వయసు, పిల్లల ఆశ, మందు తప్పకుండా మింగగలరా, పరీక్షకు పోగలరా అన్నవి చూసి తేల్చుకోవాలి. ఇంకా పిల్లలు కావాలనుకునే ఆమె పొర తలుపు కోరవచ్చు. కాని కొన్నేళ్ళకు రెండో ఆపరేషను తప్పదని తెలిసే కోరాలి. ఈ మాట భర్తో, మామో ఒక్కరే తేల్చేది కాదు. గుండె ఎవరిదో వాళ్ళు కూడా మాట్లాడాలి.

లోహపు తలుపు ఉన్నవాళ్ళ జాగ్రత్తలు

ఆ అక్క ఇంటికి వచ్చాక రోజూ ఒకే వేళకు మందు బిళ్ళ మింగాలి. ఒకరోజు మరిచిపోతే మర్నాడు రెండు మింగకూడదు. డాక్టరును అడగాలి.

రక్తం ఎంత పల్చగా ఉందో చూసే పరీక్ష ఉంది. దానిపేరు ఐ.ఎన్.ఆర్. మందు వాడనివాళ్ళకు అది ఒకటి దగ్గర ఉంటుంది. లోహపు తలుపు ఉన్నవాళ్ళకు సాధారణంగా 2 నుంచి 3.5 మధ్య ఉంచుతారు. ఎవరికి ఎంత ఉండాలో డాక్టరు చెబుతాడు. తక్కువైతే తలుపు మీద గడ్డ కడుతుంది. ఎక్కువైతే రక్తం కారుతుంది. చిగుళ్ళనుంచి రక్తం, ఒంటిమీద నల్లని కమురు మచ్చలు, నల్లని విరేచనం, నెలసరిలో ఎక్కువ రక్తం కనబడితే వెంటనే ఆసుపత్రికి పోవాలి. పరీక్ష దగ్గరలో ఎక్కడ చేస్తారో ఆసుపత్రినుంచి బయలుదేరేముందే అడిగి రాసుకోవాలి.

గోంగూర, తోటకూర, మునగాకు మానవలసిన పనిలేదు. కాని ఒక వారం అసలు తినకుండా, ఇంకో వారం రోజూ తినకూడదు. ఎప్పుడూ ఒకేలాగా తినాలి. ఆకుకూరలు మందు బలాన్ని తగ్గిస్తాయి. ఒంటి నొప్పులకు దుకాణంలో బిళ్ళలు కొని మింగకూడదు. పసరు మందులు వాడకూడదు. పిర్రకు సూది వేయించుకోకూడదు. లోపల రక్తం గడ్డకడుతుంది.

గర్భం సంగతి అన్నింటికంటే ముఖ్యం. ఈ మందు మొదటి నెలల్లో కడుపులో బిడ్డకు హాని చేయవచ్చు. అలాగని సొంతంగా మందు మానేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. గర్భం కావాలనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి. నెల తప్పితే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయకూడదు. మందు మార్చి సూది ఇవ్వాలా, ఎప్పుడు ఇవ్వాలా అన్నది డాక్టరే చూస్తాడు.

ఇద్దరికీ వర్తించే జాగ్రత్తలు

బాగుచేసినా, మార్చినా కొన్ని జాగ్రత్తలు ఒకటే. రోజూ రెండుపూటలా పళ్ళు తోముకోవాలి. పన్ను పీకించుకునేముందు గుండె ఆపరేషను సంగతి పళ్ళ డాక్టరుకు చెప్పాలి. ముందే ఒక మోతాదు మందు ఇస్తారు. పుండ్లను ముదరనివ్వకూడదు. జ్వరం వస్తే, రక్త పరీక్ష కాకముందు సూది వేయించుకోకూడదు. కీళ్ళవాపు జ్వరం వచ్చినవాళ్ళకు మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ సూది ఇస్తారు. డాక్టరు ఆపమనేదాకా దాన్ని ఆపకూడదు.

డబ్బు మాట

గుండె ఆపరేషను అంటే ఎకరం అమ్మాలని భయపడతారు. భయపడి ఇంట్లో కూచుంటే జబ్బు ముదురుతుంది. ఆరోగ్యశ్రీ పథకం 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. గుండె తలుపుల ఆపరేషను అందులో ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ కార్డు తీసుకుపోవాలి. పెద్దాసుపత్రుల్లో ఆరోగ్యమిత్ర అనే మనిషి ఉంటారు. ముందు వాళ్ళను కలవాలి. హైదరాబాదులో నిమ్స్ ఆసుపత్రి ఉంది. పుట్టపర్తిలో సత్యసాయి ఆసుపత్రి ఉంది. అది 1991లో మొదలైంది. అక్కడ గుండె ఆపరేషను ఉచితంగా చేస్తారు.

పుస్తకంలో ఒక గీత

కోడలు ఇంటికి వచ్చింది. కొన్ని నెలలకు బిందె ఎత్తగలిగింది. ఏడాదికొకసారి ఎకో చేయించుకోవాలి. తేదీ గోడమీద కేలండరులో తనే రాసుకుంది.

పక్క మంచం అక్క ఒక నోటు పుస్తకం కొనుక్కుంది. అందులో మూడు గళ్ళు గీసుకుంది. మొదటి గడిలో తేదీ. రెండో గడిలో ఐ.ఎన్.ఆర్. అంకె. మూడో గడిలో బిళ్ళ ఎంత అన్నది. మునుపు ఆమె బిళ్ళను రంగునుబట్టి గుర్తుపట్టేది. ఒకసారి దుకాణంవాళ్ళు వేరే కంపెనీ బిళ్ళ ఇచ్చారు. రంగు అదే. అట్టమీద అంకె వేరు. ఒకటి బదులు రెండు అని ఉంది. ఆమె కూడబలుక్కుని చదివింది. తిరిగి ఇచ్చేసింది.

ఆ రోజు ఆమె గుండెను కాపాడింది ఆ అంకె చదవడమే.

కలిసి మాట్లాడుకోండి

1. గుండె తలుపు ఏం పని చేస్తుంది?
2. జ్వరం తగ్గినా మందు ఎందుకు ఆపకూడదు?
3. తలుపును ఎప్పుడు బాగుచేస్తారు? ఎప్పుడు మారుస్తారు?
4. లోహపు తలుపుకూ, పొర తలుపుకూ తేడా ఏమిటి? మీరైతే ఏది కోరుకుంటారు? ఎందుకు?
5. మీ ఇంట్లో పిల్లలకు గొంతునొప్పి, కీళ్ళ వాపు వచ్చాయా? ఎవరికి చూపించారు?
6. మీ ఇంట్లో ఉన్న మందు అట్టను తీసి చదవండి. మందు పేరు, అంకె, తేదీ మీ పుస్తకంలో రాయండి.